అల్మారా తోటకు గ్రో లైట్ల ఎంపిక: ప్రాజెక్టు డైరీ

ఎండ ఏమాత్రం పడని గదిలో, 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల రెండరల అల్మారాలో పై అరలో మిరప, కింది అరలో లెట్యూస్ పెంచడానికి దీపాలను ఎలా ఎంచుకున్నదీ, ఏది ఎందుకు మార్చవలసి వచ్చిందీ ఈ డైరీలో ఉంది. ఇదే పని తలపెట్టినవారు దీపం కొనకముందే మొదటి దశలోని లెక్క పూర్తి చేసుకుంటే రెండు, మూడు దశలను వదిలేసి నేరుగా నాలుగో దశకు వెళ్లవచ్చు.

దశ 1: ఎంత కాంతి కావాలి, దాన్ని ఎలా కొలవాలి

పెట్టెల మీద కనిపించే ల్యూమెన్లు మనిషి కంటి కోసం ఏర్పడిన కొలత. కంటికి పచ్చరంగు ఎక్కువ ప్రకాశంగా కనిపిస్తుంది కాబట్టి ఆ కొలతలో దానికే ఎక్కువ విలువ ఉంటుంది, ముదురు ఎరుపుకూ నీలానికీ చాలా తక్కువ విలువ ఉంటుంది. మొక్క విషయంలో లెక్కించవలసింది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య తరంగదైర్ఘ్యంతో ఆకు మీద పడే ఫోటాన్ల (కాంతి కణాల) సంఖ్య. ఒక చదరపు మీటరు మీద ఒక సెకనులో పడే వాటి లెక్కను మైక్రోమోల్‌లలో చెబుతారు, దాని పేరు పీపీఎఫ్‌డీ. రోజంతా పడిన మొత్తాన్ని మోల్‌లలో చెబితే అది డీఎల్‌ఐ. పీపీఎఫ్‌డీని దీపం వెలిగే గంటలతోనూ 0.0036తోనూ గుణిస్తే డీఎల్‌ఐ వస్తుంది.

లెట్యూస్‌కు డీఎల్‌ఐ 12 నుంచి 17 వరకు ఉంటే సరిపోతుంది. కాయ కాయవలసిన మిరపకు 20కి తగ్గకుండా చూడాలి. రోజుకు 16 గంటలు దీపం వెలిగిస్తే, మిరపకు సుమారు 350 మైక్రోమోల్‌లు, లెట్యూస్‌కు సుమారు 240 మైక్రోమోల్‌లు చొప్పున అందాలి. నడి వేసవి మధ్యాహ్నపు ఎండ దాదాపు 2000 మైక్రోమోల్‌లు ఉంటుంది కాబట్టి ఈ లక్ష్యాలు చిన్నవిగా కనిపించవచ్చు, కానీ దీపం పొద్దున్నుంచి చివరి నిమిషం దాకా ఒకే స్థాయిలో వెలుగుతుందన్నది మరువరాదు.

ఇంటిలోపలి దీపాల గురించి చలామణీలో ఉన్న సలహాల్లో చాలా భాగం గంజాయి పెంచేవారి దగ్గర నుంచి వచ్చినవే. ఆ మొక్క పూత దశలో 800 మైక్రోమోల్‌లకు పైగా కాంతిని వాడుకోగలదు గనుక వారు చెప్పే వాట్లు, ఎత్తులు అదే స్థాయిలో ఉంటాయి. వాటిని యథాతథంగా లెట్యూస్‌కు వాడితే ఆకు మాడుతుంది, కరెంటు వృథా అవుతుంది. వారి కొలత పద్ధతులు మాత్రం పూర్తిగా అనుసరించదగినవి.

వాడిన పరికరాలు: కంటికి తెలిసే వెలుగును లక్స్ అనే కొలతలో చూపే లక్స్ మీటరు, గోడ ప్లగ్గుకూ దీపానికీ మధ్య పెట్టే వాట్‌మీటరు, టేపు, తాకకుండా ఉష్ణోగ్రత చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు, గాలిలో తేమ చూపే మీటరు. ఒక మిత్రుని దగ్గర నుంచి ఫోటాన్లనే నేరుగా లెక్కించే క్వాంటమ్ సెన్సర్ ఎరవు దొరికింది. దాని అవసరం మూడో దశలో తెలుస్తుంది.

కొలిచే పద్ధతి:

1. అరను పొడవున 5, వెడల్పున 3 చొప్పున 15 గళ్లుగా విభజించి, ప్రతి గడి మధ్యలో గుర్తు పెట్టాలి.
2. మీటరును మొక్కల పైకొన ఉండే ఎత్తులో, ముఖం నిటారుగా పైకి ఉండేలా పెట్టాలి. అర అడుగున పెట్టి కొలిస్తే ఆ అంకె ఎందుకూ పనికిరాదు.
3. దీపం వెలిగించి అరగంట ఆగి కొలవాలి. వేడెక్కిన ఎల్‌ఈడీ వెలుగు కొద్దిగా తగ్గుతుంది.
4. తెల్ల ఎల్‌ఈడీ అయితే లక్స్‌ను 70తో భాగిస్తే పీపీఎఫ్‌డీ ఉజ్జాయింపుగా వస్తుంది. ఎండకు భాజకం 54.
5. 15 అంకెల సగటును, అన్నిటికంటే తక్కువ అంకెను రాసుకోవాలి. ఆ తక్కువ అంకెను సగటుతో భాగిస్తే కాంతి ఎంత సమంగా పరుచుకుందో తెలుస్తుంది, ఇకపై దీన్ని సమత్వం అంటాను.

వాట్ల లెక్క ఇక్కడి నుంచే వస్తుంది. అర వైశాల్యం 0.72 చదరపు మీటర్లు. 350 మైక్రోమోల్‌ల సగటు కావాలంటే సెకనుకు 252 మైక్రోమోల్‌లు ఆకుల మీదికి చేరాలి. దీపం నుంచి బయలుదేరిన కాంతిలో ముప్పాతిక వంతు మాత్రమే చేరుతుందనుకుంటే దీపం 336 మైక్రోమోల్‌లు ఇవ్వాలి. ఒక జౌల్ కరెంటుకు 2.5 మైక్రోమోల్‌లు ఇచ్చే దీపానికి ఇది 134 వాట్ల పని, 1.4 మాత్రమే ఇచ్చే దీపానికి 240 వాట్ల పని. దీపం వివరాల్లో ఈ 'జౌల్‌కు మైక్రోమోల్' అంకె లేకపోతే ఆ దీపాన్ని పక్కన పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

సోడియం దీపాన్ని ఈ లెక్కతోనే తోసిపుచ్చడం జరిగింది. 1000 వాట్ల పెద్ద రకాలు జౌల్‌కు 1.7 వరకు ఇస్తాయి గానీ, చిన్న సోడియం దీపాలు అంత కూడా ఇవ్వవు. పైగా వాటి వేడికి దీపానికీ మొక్కకూ మధ్య ఉంచవలసిన దూరం ఈ అల్మారాలో లేదు.

దశ 2: మామూలు ట్యూబులు

ఒక్కొక్కటి 20 వాట్లు, 2000 ల్యూమెన్ల ఎల్‌ఈడీ ట్యూబులు మూడింటిని అర పైకప్పుకు బిగించి, మొక్కల ఎత్తుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచగా సగటు 89 మైక్రోమోల్‌లు వచ్చింది. కాంతి పరుచుకున్న తీరు బాగానే ఉంది, మొత్తమే చాలలేదు. లెట్యూస్ నారు బీజదళాల కింది కాడ సన్నగా, పాలిపోయి సాగి, మొదటి నిజమైన ఆకు విచ్చుకునేలోపే పక్కకు వాలిపోయింది. మిరప నారులో కణుపుల మధ్య దూరం పెరిగి, ఆకులు చిన్నవిగా మిగిలాయి.

ట్యూబులను పూర్తిగా పారేయనక్కరలేదు. నారు ట్రేకు 10 సెంటీమీటర్ల ఎత్తులోకి దించితే రెండు ఆకుల దశ వరకు అవి చక్కగా పనిచేశాయి. ఆ తరువాత వాటి వల్ల కాదు.

ఇప్పటివరకు లెక్క: గోడ దగ్గర 60 వాట్లు, రోజుకు 0.96 యూనిట్లు, డీఎల్‌ఐ 5.1. అంటే ఒక యూనిట్ కరెంటుకు 5.3 మోల్‌లు.

దశ 3: ఊదారంగు దీపం

ఎరుపు, నీలం ఎల్‌ఈడీలు మాత్రమే ఉండే ఈ రకం వెనుక ఉన్న వాదన ఏమిటంటే, పత్రహరితం ఆ రెండు రంగులనే ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి పచ్చరంగు వృథా అని. విడదీసిన పత్రహరిత ద్రావణానికి అది సరే. అయితే మెక్‌క్రీ అనే పరిశోధకుడు 1972లో 22 రకాల పంట మొక్కల ఆకుల మీద జరిపిన కొలతల్లో పచ్చరంగు కూడా కిరణజన్య సంయోగక్రియకు గణనీయంగా తోడ్పడుతుందని తేలింది. పైగా ఎరుపు, నీలం ఆకు పైపొరలోనే చాలావరకు ఆగిపోతుండగా పచ్చ కాంతి లోపలి పొరల దాకా, కింది ఆకుల దాకా దిగుతుంది.

పెట్టె మీద 1000 వాట్లు అని ఉన్న దీపం వాట్‌మీటరు మీద 108 వాట్లు చూపింది. ఆ పెద్ద అంకె, లోపలి ఎల్‌ఈడీలు విడివిడిగా గరిష్ఠంగా ఎంత తట్టుకోగలవో వాటన్నిటినీ కూడితే వచ్చినది. అవి ఎన్నడూ ఆ స్థాయిలో వెలగవు.

లక్స్ మీటరు ఇక్కడ చేతులెత్తేసింది. కంటి స్పందనకు అనుగుణంగా తయారైన ఆ పరికరానికి ముదురు ఎరుపు దాదాపు కనిపించదు, కాబట్టి ఏ భాజకం వాడినా నమ్మదగిన అంకె రాదు. క్వాంటమ్ సెన్సర్‌తో కొలవగా మధ్య గడిలో 480, మూలల్లో 45, సగటు 160 వచ్చాయి. ఎల్‌ఈడీల మీద ఉన్న బుడిపె కటకాలు కాంతిని ఇరుకైన శంకువులా కిందికి గుమ్మరించడమే ఈ తేడాకు కారణం. సమత్వం 0.28.

ఒకే అరలో రెండు వాతావరణాలు ఏర్పడ్డాయి. మధ్య కుండీలోని మిరప పొట్టిగా, గుబురుగా పెరిగి, పైఆకుల అంచులు దోనెలా పైకి ముడుచుకున్నాయి. మూల కుండీల్లోని మొక్కలు మధ్యకు వంగాయి. వాటికి నీటి వాడకం తక్కువ కావడంతో, అన్ని కుండీలకూ సమానంగా పోసిన నీరు మూలల్లో ఆరకుండా నిలిచి, తడి మట్టిలో చిన్న నల్ల ఈగలు పుట్టాయి. కుండీని చేత్తో ఎత్తి బరువు చూసి నీరు పోసే అలవాటు ఇక్కడి నుంచి మొదలైంది.

ఈ దీపాన్ని మార్చడానికి అసలు కారణం అది కూడా కాదు. ఊదా వెలుగులో ఆకులన్నీ నల్లగా కనిపిస్తాయి. ఒక కుండీని తెల్లని వెలుగులోకి తెచ్చి చూసినప్పుడు ఆకు మీద సూదితో పొడిచినట్లు లేత పసుపు చుక్కలు, ఆకును తిప్పితే ఈనెల పక్కన సన్నని గూడు, దానిలో కదులుతున్న ఎర్రనల్లి కనిపించాయి. అప్పటికే పక్క కుండీలకు కూడా పాకింది. తెగులును కంటికి కనిపించనివ్వని దీపం మొక్కకు ఎంత మేలు చేసినా తోటమాలికి పనికిరాదు.

ఇప్పటివరకు లెక్క: 108 వాట్లు, రోజుకు 1.73 యూనిట్లు, సగటు డీఎల్‌ఐ 9.2. యూనిట్‌కు మళ్లీ 5.3 మోల్‌లే. 'మొక్కల కోసం ప్రత్యేకం' అన్న దీపం మామూలు ట్యూబుతో సమానంగా నిలిచింది.

దశ 4: తెల్ల ఎల్‌ఈడీ బోర్డు

వందల చిన్న తెల్ల ఎల్‌ఈడీలు పరిచిన ఒకే అల్యూమినియం పలక, దానికి వేరుగా డ్రైవర్ (ఎల్‌ఈడీలకు తగిన కరెంటు అందించే పెట్టె), వెలుగు తగ్గించే మర. వెలుగు రంగును తెలిపే అంకె 4000 కెల్విన్. వాట్‌మీటరు పూర్తి వెలుగులో 128 వాట్లు చూపింది.

1. బోర్డును 30 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టినప్పుడు మధ్యలో 560, మూలల్లో 150, సగటు 300.
2. 45 సెంటీమీటర్లకు పెంచితే మధ్యలో 410, మూలల్లో 185, సగటు 270. సమత్వం పెరిగింది గానీ కాంతిలో కొంత అర బయటికి పోయింది.
3. అదే ఎత్తులో నాలుగు వైపులా మెరుపులేని తెల్ల ప్లాస్టిక్ షీట్లు నిలబెడితే మధ్యలో 440, మూలల్లో 250, సగటు 335.

మూడో మార్పుకు ఒక్క వాటు కూడా అదనంగా ఖర్చు కాలేదు, అయినా సగటు దాదాపు నాలుగో వంతు పెరిగింది. అద్దంలా మెరిసే రేకు కూడా పెట్టి చూడగా సగటు దాదాపు అంతే వచ్చింది గానీ, రేకు ముడతల వల్ల అక్కడక్కడ వెలుగు గీతలు పడ్డాయి. దాన్ని తీసివేసి తెల్ల షీట్లనే ఉంచడం జరిగింది.

దూరం రెట్టింపైతే కాంతి నాలుగో వంతుకు తగ్గుతుందన్న సూత్రం చిన్న బిందువు నుంచి వెలువడే కాంతికి వర్తిస్తుంది. వెడల్పాటి పలక దగ్గరలో, తెల్ల గోడల మధ్య, తగ్గుదల చాలా మెల్లగా ఉంటుంది. కాబట్టి ఎత్తు మార్చిన ప్రతిసారీ మళ్లీ కొలవక తప్పదు.

ఇప్పటివరకు లెక్క: 128 వాట్లు, రోజుకు 2.05 యూనిట్లు, డీఎల్‌ఐ 19.3. యూనిట్‌కు 9.4 మోల్‌లు.

దశ 5: బోర్డు స్థానంలో పట్టీలు

డీఎల్‌ఐ లక్ష్యానికి దగ్గరపడినా, 45 సెంటీమీటర్ల ఎత్తు దీపానికే పోవడం వల్ల మిరప పెరగడానికి జాగా మిగలలేదు. కాంతి ఒకే చోటు నుంచి రాకుండా అరంతా పరుచుకుని వస్తే దీపాన్ని దగ్గరికి దించవచ్చు. అందుకని బోర్డును కింది అరకు మార్చి, పై అరకు ఆరు ఎల్‌ఈడీ పట్టీలను పొడవాటి అల్యూమినియం చానెళ్లకు బిగించి అమర్చడం జరిగింది.

అమరిక:

1. పట్టీ ఒక్కొక్కటి 1.8 ఆంపియర్లు తట్టుకుంటుంది, 0.9 మాత్రమే ఇచ్చాను. ఎల్‌ఈడీకి కరెంటు, వేడి తగ్గేకొద్దీ జౌల్‌కు దక్కే కాంతి పెరుగుతుంది, ఆయుష్షూ పెరుగుతుంది. ఎక్కువ పట్టీలు కొని తక్కువ కరెంటు మీద నడపడం వెనుక ఉన్న లెక్క ఇదే.
2. పట్టీలను వరుసగా ఒకదాని తరువాత ఒకటి కలిపితే వోల్టేజీ కూడి 130 దాటుతుంది. తడి చేతులు తిరిగే చోట అది ప్రమాదం. అందువల్ల పక్కపక్కన సమాంతరంగా కలిపాను. వోల్టేజీ 22 దగ్గరే ఉంటుంది, మొత్తం కరెంటు 5.4 ఆంపియర్లు.
3. సమాంతర అమరికలో ఒక పట్టీ తీగ ఊడితే దాని వాటా మిగిలిన ఐదింటి మీద పడుతుంది. అప్పుడు ఒక్కోదానికి 1.08 ఆంపియర్లు వస్తాయి, పరిమితికి అది చాలా లోపలే ఉంది.
4. చానెల్‌కు ఎర్త్ తీగ బిగించి, డ్రైవర్‌ను అల్మారా బయట, నీరు చిమ్మని ఎత్తులో ఉంచాలి. తీగ ప్లగ్గులోకి వెళ్లే ముందు కిందికి వేలాడి మళ్లీ పైకి లేచేలా ఉంటే, తీగ వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.
5. పట్టీల మధ్య దూరం సమానంగా ఉంచకూడదు. అంచుల దగ్గర కాంతి ఒక వైపు నుంచే వస్తుంది కాబట్టి, బయటి పట్టీలను దగ్గరదగ్గరగా, మధ్యవాటిని కాస్త ఎడంగా అమర్చాలి.

ఐదో అంశం మొదటి అమరికలో లేదు. సమాన దూరాలతో మూలల్లో 225 మాత్రమే వచ్చింది, దూరాలు మార్చాక 270కి చేరింది. 20 సెంటీమీటర్ల ఎత్తులో తుది అంకెలు: మధ్యలో 390, మూలల్లో 270, సగటు 345, సమత్వం 0.78. చానెల్ వెనుక ఉష్ణోగ్రత 44 డిగ్రీలు. బోర్డు వెనుక అది 58 ఉండేది.

3000 కెల్విన్ పట్టీలు, 4000 కెల్విన్ పట్టీలు సగం సగం పెట్టి పోల్చిన ప్రయోగం కూడా ఇక్కడే జరిగింది. మొదటిదానిలో ఎరుపు పాలు, రెండోదానిలో నీలం పాలు ఎక్కువ. సగటు పీపీఎఫ్‌డీ సమానంగా ఉన్నప్పుడు మిరప ఎత్తులో గానీ ఆకు పరిమాణంలో గానీ కంటికి ఆనే తేడా కనిపించలేదు. తెల్ల ఎల్‌ఈడీల్లో రంగు గురించి తలపట్టుకోవడం కంటే మూలల్లోని అంకె మీద శ్రద్ధ పెట్టడం మేలు.

ఇప్పటివరకు లెక్క, పై అర మాత్రమే: 131 వాట్లు, రోజుకు 2.10 యూనిట్లు, డీఎల్‌ఐ 19.9. యూనిట్‌కు 9.5 మోల్‌లు.

దశ 6: కింది అరలో మాడిన చివుళ్లు

కిందికి మార్చిన బోర్డు, తెల్ల షీట్లతో సహా, మునుపటి పూర్తి వెలుగులోనే లెట్యూస్ మీద వెలిగింది. పెరుగుదల చూడముచ్చటగా ఉంది. అయితే గుబురు మధ్యను వేళ్లతో విడదీసి చూస్తే, ఇంకా విచ్చుకోని లేత ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి, తడిసిన కాగితంలా మెత్తబడి ఉన్నాయి. పైకి ఏమీ తెలియలేదు.

ఇది కాంతి నేరుగా కాల్చిన గుర్తు కాదు. కాల్షియం ఆకులకు చేరేది నీటి ప్రవాహంతోనే. గుబురు మధ్యలో గాలి ఆడక ఆవిరి పోని లేత ఆకులకు ఆ ప్రవాహం అందదు. డీఎల్‌ఐ 19.3 వద్ద ఆకు పెరిగే వేగానికి కాల్షియం సరఫరా సరితూగలేదు. పోషక ద్రావణంలో కాల్షియం పెంచి చూసినా చెప్పుకోదగ్గ ఫలితం లేదు. పనిచేసిన మార్పులు రెండు: పై నుంచి కిందికి గుబుర్ల మీదికి మెల్లగా వీచే 6 వాట్ల చిన్న ఫ్యాను, మర తిప్పి 240 మైక్రోమోల్‌లకు తగ్గించిన వెలుగు. తరువాతి విడత లెట్యూస్ మధ్య ఆకులు శుభ్రంగా వచ్చాయి. వాట్‌మీటరు 128 నుంచి 90కి దిగింది, డీఎల్‌ఐ 13.8 దగ్గర నిలిచింది.

దశ 7: టైమరు, వేడి

రోజువారీ యూనిట్లు రాసుకునే పట్టికలో ఒకసారి అంకె ఉన్నట్టుండి దాదాపు సగం మేర పెరిగింది. దీపాలు రాత్రంతా వెలుగుతున్నాయి. టైమరు 'ఆపు' అన్నప్పుడు లోపల టక్కుమన్న చప్పుడు రాలేదు. విప్పి చూస్తే రిలేలోని (కరెంటును కలిపి విడదీసే స్విచ్చులోని) రెండు కాంటాక్టులు అతుక్కుపోయి ఉన్నాయి. ఎల్‌ఈడీ డ్రైవర్ నడిచేటప్పుడు ఒక ఆంపియరు లోపే తీసుకున్నా, వెలిగిన తొలి క్షణంలో దానిలోని కెపాసిటర్లు నిండడానికి ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ నిప్పురవ్వ రోజూ కొంచెం కొంచెంగా కాంటాక్టును కరిగిస్తుంది. ఇప్పుడు టైమరు ఒక కాంటాక్టర్‌ను (ఎక్కువ కరెంటు తాకిడిని తట్టుకునే పెద్ద స్విచ్చును) మాత్రమే నడుపుతుంది, దీపాల భారం కాంటాక్టర్ మోస్తుంది. రెండు డ్రైవర్లూ ఒకేసారి వెలగకుండా వేరు వేరు సమయాలు పెట్టడం వల్ల తొలి తాకిడి కూడా విడిపోయింది.

వేడి విషయంలో ఏ దీపానికీ మినహాయింపు లేదు. లోపలికి వెళ్లిన ప్రతి వాటూ చివరికి వేడిగానే తేలుతుంది. తలుపులు మూసి పగలు నడిపినప్పుడు పై అర గాలి 33 డిగ్రీలకు చేరి, మిరప పూత కాడతో సహా రాలిపోయింది. దీపాల వేళను రాత్రికి మార్చి, తలుపు పైభాగంలోనూ అడుగు భాగంలోనూ గాలి కంతలు కోశాక 28 డిగ్రీలు దాటలేదు. పూత నిలిచింది. గాలీ తేనెటీగా లేని చోట పిందె పడాలంటే పూచిన కొమ్మను రోజూ వేలితో మెల్లగా తట్టడం ఉపయోగపడుతుంది.

ఒక సూక్ష్మం: ఎల్‌ఈడీ కింద ఆకు ఉష్ణోగ్రత గాలి కంటే ఒకటి రెండు డిగ్రీలు తక్కువగా కనిపించింది, ఎందుకంటే ఈ దీపాలు పరారుణ కిరణాలను చాలా తక్కువగా వెదజల్లుతాయి. సోడియం దీపాల కోసం రాసిన ఉష్ణోగ్రత సూచనలను ఇక్కడ అమలు చేస్తే గది చల్లగా మిగిలిపోతుంది.

ప్రస్తుత అమరిక

1. పై అర: ఆరు పట్టీలు, 131 వాట్లు, 16 గంటలు, సగటు 345.
2. కింది అర: బోర్డు, 90 వాట్లు, 16 గంటలు, సగటు 240.
3. ఫ్యాను: 6 వాట్లు, 24 గంటలు.

మొత్తం లెక్క: 227 వాట్లు, రోజుకు 3.68 యూనిట్లు, 30 రోజులకు 110 యూనిట్లు.

మిరప పైకొన పట్టీలకు 10 సెంటీమీటర్లలోకి వచ్చినప్పుడు ఆ చిగురు మీద 430 దాకా పడుతోంది. ఆకు ముడవనంత వరకు దాన్ని అలాగే వదిలి, ముడవడం మొదలైతే చిగురు తుంచుతున్నాను. ఇటీవలి కొలతలో పై అర మధ్య గడి 390 నుంచి 365కి పడిపోయింది. కారణం పట్టీల వయసు కాదు, పిచికారీ నీటి తుంపరలు ఆరి మిగిల్చిన తెల్ల మచ్చలూ వాటి మీద పట్టిన దుమ్మూ. కరెంటు తీసి, పట్టీలు చల్లారాక కాస్త తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టగా 385కి వచ్చింది. పిచికారీ పని ఇకపై కుండీలను అల్మారా బయటికి తెచ్చి చేస్తున్నాను.